సర్ ఆర్థర్ కాటన్ దొరగారు – నీటికొరకు ఖజానా తలుపు తట్టిన జీవితము

మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాయుమని సంపాదక వర్గమువారు మమ్మును కోరినప్పుడు, మేము ఒక మిషనెరీనో, ఒక అధ్యక్షునో ఎంచుకొందుమని వారు తలచియుందురు. అట్టివారిని గూర్చి మాకంటె పెద్దలు ఇందులో వ్రాయుచున్నారు. మేము ఎంచుకొన్నవారు బోధకులు కారు, గురువులు కారు. సైన్యపు ఇంజనీరు. గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారు.

దుర్గి పాస్టరేటులో ఉండి డెల్టా దేవుడిని గూర్చి వ్రాయుటేమని మన సంఘస్థులు కొందరు నవ్వవచ్చును. ఆయన కట్టిన కాలువల నీరు పల్నాటికి ఒక్క చుక్కయు రాలేదు. మాది నాపరాతి నేల. శ్రీనాథ కవిసార్వభౌముని నాటినుండి మా నీటి ఎద్దడి ఎగతాళికి పాత్రమైనదే. అయినను కాటన్ దొరగారి జీవితమును చదివినకొలది, అది రాయి సున్నముల కథకంటె మంజూరు కాగితముల కథయని మాకు తోచినది. ప్రజల సొమ్ము ప్రజల నీటికి ఎట్లు రాబట్టవలెను, రాబట్టిన సొమ్ము ఎట్లు నిలువవలెను అను ప్రశ్నతోనే ఆయన ఆయుష్షు గడచినది. ఆ ప్రశ్న దుర్గిలో నేటికిని తీరలేదు.

ఆయన 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించినారు. తండ్రిగారికి పదునొకండుగురు కుమారులు, ఈయన పదవవారు. పదునైదవ ఏట కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక విద్యాలయములో చేరి, 1821లో మద్రాసుకు ఓడ దిగినారు. కొంతకాలము రామేశ్వరము దగ్గర పాంబన్ జలసంధిని కొలిచినారు. 1824లో మొదలైన బర్మా యుద్ధమునకు పోయి వచ్చినారు. యౌవనములోనే దృఢమైన భక్తి కలిగినవారై, అది మొదలు కడవరకు ప్రార్థనను, బైబిలు పఠనమును విడువలేదు. ఆ భక్తిని గూర్చి మేము ఇంతకంటె వ్రాయము. ఆయన నీటి పనులలోనే అది కనబడుచున్నది.

ఆ కాలపు చెరువుల సంగతి ఇక్కడ కొంత చెప్పవలెను. కంపెనీ రాకమునుపు మన దేశములో చెరువు త్రవ్వించినవారికి, గండి పూడ్చినవారికి దశబంధము ఇనాము ఇచ్చుట వాడుక. అనగా చెరువును బాగుచేయు భారము ఒకడు వహించును. అందుకు ప్రతిగా శిస్తులో కొంత భాగము వానికి మాఫీ. ఇదియే మన పూర్వుల గ్రాంటు. చెరువు నిండినంతకాలము ఇనాముదారునికి లాభము. చెరువు చెడినచో వాని పంటయు చెడును. కనుక పూడిక తీయుటకు ఒకరు వచ్చి చెప్పవలసిన పని లేదు. కంపెనీ ప్రభుత్వములో శిస్తు వసూలు గట్టిపడినది గాని మరామత్తు మాత్రము సడలినది. అలుగులు తెగినవి, తూములు పూడినవి. చెరువులకు ఖర్చు పెట్టవలెనన్న పై అధికారికి వ్రాయవలెను; ఆయన పైవారికి వ్రాయవలెను. ఈలోగా వానకాలము వచ్చి పోవును.

ఇట్టి మరామత్తు శాఖలోనే కాటన్ దొరగారు పని నేర్చుకొన్నారు. తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములు ఆయన పాఠశాల. కావేరిపై చోళుల నాటి కల్లణై అను పాత ఆనకట్టను ఆయన పరిశీలించినారు. ఇసుక మీద పునాది నిలువదని తెల్లవారి శాస్త్రము చెప్పుచుండగా, కల్లణై మాత్రము శతాబ్దములుగా ఇసుకలోనే నిలిచియున్నది. పెద్ద రాళ్లను ఇసుకలో దింపి, అవి దిగినంత దిగనిచ్చి, వాటిపై మరల రాళ్లు పేర్చిన మన దేశపు పనివారి నేర్పు అది. దొరగారు సిగ్గుపడక నేర్చుకొన్నారు. 1836 మొదలు కొల్లిడము నదిపై కట్టిన ఆనకట్టలకు ఆ పాఠమే ఆధారము. దుర్గి శిల్పుల ఉలి చప్పుడు నిత్యము వినుచున్న మాకు, చదువురాని రాతిపనివారి దగ్గర ఒక ఇంజనీరు శిష్యుడగుట మిక్కిలి ప్రీతి కలిగించు సంగతి.

ఆయన కావేరి ప్రాంతమున ఉండగనే ఇక్కడ మన గుంటూరు జిల్లాకు నందన కరువు వచ్చినది. 1832-33 నాటి ఆ కరువును డొక్కల కరువనియు పిలిచినారు. జిల్లాలో ఉన్న సుమారు ఐదు లక్షల జనములో రెండు లక్షలవరకు మరణించిరని ఆనాటి లెక్కలు. ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. కరువు వచ్చిన పిమ్మట గంజి కేంద్రములకు ఖర్చు చేయుట, శిస్తు బకాయిలు కొట్టివేయుట ప్రభుత్వమునకు తప్పలేదు. చెరువుకు పెట్టని సొమ్మును చావుల తరువాత కరువుకు పెట్టవలసి వచ్చినదన్న మాట. కాటన్ దొరగారు తరువాతి కాలమున చేసిన వాదములకెల్ల ఇదియే మూలము.

ఆరోగ్యము చెడి ఆయన సెలవుపై ఆస్ట్రేలియా వైపు పోయినారు. అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మాంత్ అమ్మగారిని వివాహమాడి, 1843లో తిరిగి వచ్చినారు. తేలికైన పని ఇత్తుమని విశాఖపట్నము పంపిరి. అక్కడ సముద్రపు కోతకు అడ్డుకట్టలు వేయుటయు, ఒక చర్చి కట్టుటయు ఆయన పనులు. ఆ తీరికలోనే గోదావరి జిల్లాను చూచినారు. కరువులు, 1839 నాటి తుపాను కలిసి ఆ జిల్లాను నేలమట్టము చేసియుండెను. ఎదుట అంత పెద్ద నది సముద్రములో కలియుచుండగా ఒడ్డున జనులు గింజలు లేక వలసపోవుట ఆయన కండ్లార చూచినారు.

ఇక్కడినుండి మేము కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది.

నీరు కావలెనని చెప్పుటకు ఇంజనీరు అక్కరలేదు. ఏ రైతైనను చెప్పును. సొమ్ము ఇచ్చువాడు మాత్రము ఏడు సముద్రముల ఆవల లండనులో ఉండెను. జిల్లా నుండి మద్రాసులోని రెవిన్యూ బోర్డుకు, బోర్డునుండి గవర్నరు సభకు, అక్కడినుండి కలకత్తాకు, లండనులోని కంపెనీ డైరెక్టర్లకు కాగితము పోవలెను. జవాబు వచ్చుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు. డైరెక్టర్లు వాటాదారులకు లాభము చూపవలసినవారు. వారికి జాలి కథలు వినిపించినందున ప్రయోజనము లేదని కాటన్ దొరగారు గ్రహించినారు. 1844లోను, 1845లోను ఆయన పంపిన నివేదికలలో ఆకలిని గూర్చి ఉన్నది. దానికంటె ఎక్కువగా లెక్కలున్నవి. ఎన్ని ఎకరములు తడియును, ఎకరమునకు ఎంత శిస్తు పెరుగును, పడవ కాలువలవలన రవాణా ఖర్చు ఎంత తగ్గును, పెట్టిన రూపాయి ఎన్ని ఏండ్లకు తిరిగి వచ్చును – ఈ పద్ధతిలో వ్రాసినారు. సర్ హెన్రీ మాంట్గమరీ గారు 1844లో ఆ జిల్లా దుస్థితిని గూర్చి ఇచ్చిన నివేదిక తోడైనది. గవర్నరు ట్వీడేల్ ప్రభువు అనుకూలులైనారు. 1846 డిసెంబరులో డైరెక్టర్ల ఆమోదము లభించినది. 1847లో పని మొదలైనది.

ఈ విధమైన వాదములో ఒక లోపమున్నదని చెప్పక తప్పదు. నీటిని లాభముగా చూపి సొమ్ము రాబట్టినచో, లాభము చూపలేని చోటికి సొమ్ము రాదు. పల్లపు డెల్టా భూమి తేలికగా పారును, శిస్తు త్వరగా పెరుగును. మెట్ట సంగతి అట్లు కాదు. కాటన్ దొరగారి మనస్సులో మెట్టకును చోటుండెను; ఆయన గెలిచిన వాదములో మాత్రము మెట్టకు చోటు లేకపోయెను. పల్నాడు మరి నూటయిరువది ఏండ్లు ఎదురుచూచినది ఇందువలననే అని మేము తలంచుచున్నాము.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము – లంకల నడుమ నాలుగు పాయలకు నాలుగు కట్టలు. రాతికట్ట పొడవే రెండు మైళ్లకు పైబడినది. నది తగ్గిన నెలలలోనే పని చేయవలెను. వరద వచ్చునప్పటికి ఆ ఏటి పని గట్టిపడియుండవలెను. నడుమ సొమ్ము ఆగెనా, చేసిన పని నదిలో పోవును. ధవళేశ్వరము కొండ రాయి, స్థానిక సున్నము, వేలకొలది కూలీలు. తెలుగువాడైన వీణం వీరన్న గారు ఆయనకు కుడిభుజమై కూలీలను సమకూర్చి పని నడిపించినారు. ఆ పేరు మన పిల్లలు కూడ ఎరుగవలసినది. 1848లో దొరగారు మరల జబ్బుపడి సెలవుపై పోగా, కెప్టెన్ ఆర్ గారు పని చూచినారు. 1850లో తిరిగి వచ్చి, 1852లో పూర్తిచేసినారు.

ఆ తట్టలు మోసినవారి పేర్లు ఏ శిలాఫలకమునను లేవు. కూలి దొరకినది, కరువు ఏండ్లలో అది ప్రాణము నిలిపినది, నిజమే. పారిన భూమి మాత్రము భూమి గలవారిదే. మన సంఘములలోని కుటుంబములలో ఎన్నో తట్ట మోసినవారి సంతతియే గనుక ఈ మాట వ్రాయుచున్నాము, దొరగారిని తక్కువ చేయుటకు కాదు.

కృష్ణకు బెజవాడ వద్ద ఆనకట్ట 1851లో మంజూరై, ఆర్ గారి చేతిమీదుగా 1855లో పూర్తి అయినది. గుంటూరు జిల్లా తూర్పు భాగము పచ్చబడినది. ఆ కాలముననే, 1849లో, ఫాదర్ హయ్యరు గారు గుంటూరు విడిచి పల్నాటికి వచ్చి గురజాలలో కాపురముండి సువార్త పని చేయుచుండిరి. ఆయన చూచిన పల్నాడు ఆనకట్టకు ఎగువనున్నది. నది మా ప్రక్కనే లోయలో పారుచుండెను. మేము ఎత్తున ఉంటిమి.

కాటన్ దొరగారి ఓటమిని గూర్చి సంచికలలో సాధారణముగా వ్రాయరు. మేము వ్రాయుదుము. గోదావరి, కృష్ణలు ప్రభుత్వపు సొమ్ముతో కట్టినవి. ఆ విజయము చూచి, ప్రైవేటు కంపెనీలు కూడ నీటిపనులు చేయగలవని ఆయన నమ్మి ప్రోత్సహించినారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పేర లండనులో వాటాలు సేకరించిరి. పది లక్షల పౌన్ల మూలధనముపై నూటికి ఐదు వడ్డీ ప్రభుత్వమే హామీ యిచ్చినది. సుంకేసులవద్ద తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, కర్నూలునుండి కడపవరకు సుమారు 190 మైళ్ల కాలువను 1863లో మొదలుపెట్టి 1871 నాటికి ముగించినారు. ఖర్చు అంచనాలను మించిపోయినది. నల్లరేగడిలో జొన్నలు, పత్తి పండించుకొను రైతు, వాన బాగుగా కురిసిన ఏట నీటితీరువా యిచ్చి కాలువ నీరు ఎందుకు కొనును? ఆ రైతును ముందుగా ఎవరును అడుగలేదు. వాటాదారునికి పని బాగున్నను బాగులేకున్నను ఐదు వంతుల వడ్డీ వచ్చుచుండెను గనుక జాగ్రత్తపడు అవసరము లేకపోయెను. నష్టము ప్రజల ఖజానాది. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసినది. దశబంధము ఇనాముదారునికి చెరువు చెడిన తానును చెడును. ఈ వాటాదారునికి అట్టి భయము లేదు. రెండింటికి ఉన్న భేదము ఇంతే, కాని ఇది చిన్న భేదము కాదు.

దొరగారు 1860లో ఉద్యోగము విరమించినారు. 1861లో సర్ బిరుదు వచ్చినది. 1876లో మరల దక్షిణ దేశమును మహా కరువు పట్టుకొన్నది; లక్షలమంది నశించినారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని ప్రభుత్వమువద్ద కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న పేదలను అక్కడ పనికి పెట్టి కూలి ఇప్పించిన సంగతి మన సంఘ చరిత్రలో చాలమందికి తెలిసినదే. ప్రజాధనము నీటిపనికి పోయినచో ఎట్లు రెండు మారులు ఉపయోగపడునో అందులో కనబడును – నేడు కూలి, రేపు కాలువ.

ఇంగ్లండులో ఉన్న కాటన్ దొరగారు ఆ కరువును విని ఊరకుండలేకపోయినారు. సభలలో మాటలాడినారు, పత్రికలకు వ్రాసినారు, చిన్న పుస్తకములు అచ్చువేయించినారు. ఇండియాలో రైళ్లకు పోయినంత సొమ్ములో కొంత భాగము నీటికి పోయియున్న ఇందరు చావరని ఆయన వాదము. రమేశచంద్ర దత్తుగారు తరువాత వేసిన లెక్క ప్రకారము 1900 నాటికి రైళ్లకు 22 కోట్ల 50 లక్షల పౌన్లు, నీటిపారుదలకు 2 కోట్ల 50 లక్షల పౌన్లు ఖర్చయినవి. 1878లో పార్లమెంటు సంఘము ఇండియా నిర్మాణ పనులను విచారించినప్పుడు, డెబ్బది అయిదేండ్ల ముసలివారు దాని యెదుట నిలిచి ప్రశ్నలకు జవాబిచ్చినారు. తుంగభద్ర కంపెనీ నష్టమును వారు ఆయన ముఖమునకు చూపిరి. ఆయన కోరినంత విస్తారముగా కాలువలు త్రవ్వించుటకు సంఘము ఒప్పుకొనలేదు. రైలు వలన కరువు ప్రాంతమునకు గింజలు చేరును గదా అను ఎదుటివారి వాదమునకును కొంత విలువ ఉన్నదని మేము ఒప్పుకొందుము. కాని గింజలు చేరినను, కొనుటకు కూలివాని చేతిలో కాసు లేనప్పుడు రైలు ఏమి చేయును?

వార్ధక్యములో ఆయన డార్కింగు అను ఊరిలో నివసించినారు. అక్కడ తన తోటలో చిన్న చిన్న మడులు చేసి, నేలను లోతుగా త్రవ్వి గోధుమ పైరు పెట్టి, గింజల దిగుబడిని కొలుచుచుండెడివారు. పెద్ద నదులకు కట్టలు వేసిన మనిషి కడపట గడ్డపారతో దోసెడు మట్టి దగ్గర కూర్చుండుట మాకు ఆయన జీవితములో అన్నిటికంటె ఇష్టమైన ఘట్టము. 1899 జూలై 24న, తొంబది ఆరవ ఏట కన్ను మూసినారు. కుమార్తె లేడీ హోప్ గారు మరుసటి ఏటనే ఆయన జీవితచరిత్రను వెలువరించినారు.

గోదావరిపై పాత ఆనకట్టకు బదులు కట్టిన బరాజుకు ఆయన పేరే పెట్టినారు. అది 1982లో పూర్తి అయినది. పల్నాటి సంగతి వేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలినారు. ఆ కుడికాలువ నీటిని చూచుటకు బండ్లు కట్టుకొని పోయిన కథలు మా పెద్దలు చెప్పగా విన్నాము. అయినను కాలువకు ఎగువన ఉన్న చేలకు ఇప్పటికిని బోరులు, కుంటలు, వానయే దిక్కు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకమునకు 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగినది.

పెద్ద పనులు ఇట్లుండగా, చిన్న పనులకు సొమ్ము వచ్చు దారి కూడ గత ముప్పది ఏండ్లలో ఏర్పడినది. 1994లో హనుమంతరావుగారి సంఘము చేసిన సూచనలతో వాటర్‌షెడ్ సొమ్ము గ్రామ కమిటీల చేతికే రాసాగినది. 1997 చట్టముతో రైతుల నీటిసంఘములు ఏర్పడినవి. 2000లో నీరు-మీరు, 2006 మొదలు ఉపాధి హామీ, 2015లో నీరు-చెట్టు. ఊటకుంటలు, చెక్‌డ్యాములు, చేలగట్లు, చెరువు పూడికలు ఈ పేర్లమీద జరిగినవి. డెల్టా వాదములో చోటు దొరకని మెట్టకు ఎకరము శిస్తు లెక్క అడుగక సొమ్ము వచ్చుట ఇదియే మొదలు. కొన్ని చోట్ల పని కాగితములోనే నిలిచినది, కొన్ని చోట్ల నిజముగా బావులలో నీరు పెరిగినది. రెండును మేము చూచితిమి.

మా పాస్టరేటులోని ఒక ఊరి చెరువుకు కొన్నేండ్ల క్రిందట పూడికతీతకు అర్జీ పెట్టించినాము. అర్జీతో ఏ కార్యాలయము చుట్టు తిరిగితిమో ఇక్కడ వ్రాయము. ఫిబ్రవరి చివరలో మంజూరు వచ్చినది. మార్చి నెలలో మూడవ వంతు మట్టి తీసితిమి. 31వ తేదీతో మిగిలిన సొమ్ము మురిగిపోయినది. తొలకరి వచ్చి తవ్విన గోతులు నిండినవి. అలుగు దగ్గర బాగుచేయవలసిన రాళ్లు కట్టమీదనే ఉండిపోయినవి. ఇస్సాకు తన తండ్రి బావులను ఫిలిష్తీయులు పూడ్చివేయగా మరల త్రవ్వించిన కథను ఆ ఆదివారము బోధించుటకు నిలువబడితిమి గాని, మంజూరు గడువు గూర్చి మా సంఘస్థుల ముఖములు చూచి నవ్వు వచ్చినది.

మరుసటి ఏట ముందుగానే కదిలినాము. అక్టోబరులోనే కొలతలు వేయించినాము. ఎన్ని ఎకరముల చేలు, ఎన్ని బావులు ఆ చెరువు క్రింద ఉన్నవో, ఏ బావిలో వేసవిన ఎన్ని మూరల నీరు నిలుచునో ఊరి యువకులు తిరిగి వ్రాసికొని వచ్చినారు. ఆ పట్టికను అర్జీకి జతపరచినాము. కాటన్ దొరగారి నివేదికలను చదివిన తరువాతనే మాకు ఆ ఆలోచన వచ్చినది. ఈసారి డిసెంబరులోనే పని మొదలైనది. అలుగు రాళ్లు మన దుర్గి పనివారే వచ్చి సరిచేసిపెట్టినారు.